గోడ మీద లేని ఉడుత

సౌదీలోని రాస్ తనూరా చమురు కర్మాగారంలో పైపులకూ ట్యాంకులకూ రంగు వేయడం నా పని. కంపెనీ పసుపంటే పసుపు, ఎరుపంటే ఎరుపు. అందులో నా ఇష్టానికి చోటు లేదు. కానీ మాది నిర్మల్. పొనికి కర్రతో పండ్లూ పిట్టలూ చెక్కి రంగులు అద్దే ఇంట్లో పుట్టినవాణ్ని. అలాంటి చేత్తో ఏళ్ల తరబడి పైపులకు పసుపు పూస్తుంటే నా మీద నాకే ఒళ్లు మండేది.

అందుకే అల్ ఖోబర్‌లో జ్యూస్ షాపు నడిపే కడప స్నేహితుడు గోడ మీద బొమ్మ వేసిపెట్టమనగానే ఎగిరి గంతేశాను. సెల్‌ఫోన్‌లో చూపించాడు. నాలుగు వందల ఏళ్ల కిందట ఇటలీలో వేసిన బొమ్మట. వెనకంతా చీకటి, ఒక పక్కనుంచే వెలుగు. బుట్టలో ద్రాక్ష, అంజూరాలు, బేరిపండ్లు. ఒక ఆకు మీద నత్త, బుట్ట వెనకనుంచి తొంగిచూస్తూ ఉడుత. వీపు మీద చారలు లేవు గానీ ఉడుతే. దాన్ని చూడగానే మనసు పారేసుకున్నాను.

"పండ్లన్నీ ఎయ్యన్నా. ఆ ఉడత, నత్త మాత్రం వద్దు," అన్నాడు.

"ఎందుకు?"

"మా నాయన ఈడనే నమాజు చేసుకుంటాడు. పాణముండే బొమ్మ గోడ మీద ఉంటే ఒప్పుకోడు. ఆయనకు నచ్చకపోతే తెల్ల రంగు కొట్టేయాల్సిందే."

నాకు కోపం నషాళానికి అంటింది. "గవ్వి లేకుంటె గది పండ్ల దుకాణం బోర్డైతది భయ్. గసొంటియి దమ్మామ్‌ల గల్లీకొకటున్నయి," అని లేచి వచ్చేశాను.

ముసలి తండ్రి మాట అతను కాదనలేడని తెలుసు. తెలిసినా కోపం దిగలేదు, ఆ గోడ మీద ఆశా చావలేదు. పరాయి దేశంలో నాదని చెప్పుకోవడానికి ఒక్క బొమ్మ కావాలి నాకు.

మర్నాడు పైపుకు రంగు వేస్తుంటే మా అమ్మ గుర్తొచ్చింది. కర్ర జామకాయలకు రంగు వేసేటప్పుడు ఒకదానికి మాత్రం ఉడుత కొరికినట్టు గాటు పెట్టేది. కొరికిన కాయే తియ్యనిదని కొనేవాళ్లు ముందు దాన్నే ఏరుకునేవారు. పైపు దగ్గరే నాలో నేను నవ్వుకున్నాను.

శుక్రవారం సెలవు రోజున నా అంతట నేనే వెళ్లి కుంచె పట్టాను. ఆ వారమూ, ఆ పై వారమూ అదే పని. నత్తను వేయలేదు, అది పాకిన తడి చార ఆకు మీద మెరిసేలా వేశాను. ఉడుతను వేయలేదు. ఒక బేరిపండు మీద పంటిగాట్లు, కింద రాలిన ముక్క, బుట్ట వెనక ఇప్పుడే ఏదో దూరిపోతే వంగినట్టు ఒక ఆకు. ఆ ఆకును వేసినంత బాగా జన్మలో ఇంకేదీ వేయలేదు. గొప్పలు చెప్పుకోవడం కాదు, ఉన్న మాట.

రంగు ఆరాక పెద్దాయన వచ్చారు. ఎందుకైనా మంచిదని కొడుకు తెల్ల రంగు డబ్బా పక్కనే పెట్టుకున్నాడు. ఫోన్‌లోని బొమ్మను ఆయన ఎన్నడూ చూడలేదు. చేతులు వెనక్కి కట్టుకుని గోడ ముందు చాలాసేపు నిలబడ్డారు.

"ఇది ఉడత కొరికిందే," అన్నారు బేరిపండు చూపిస్తూ. తరవాత వంగిన ఆకు దగ్గరికి మొహం పెట్టి, గోడకు చెంప ఆనించినంత పని చేసి, పక్కనుంచి చూశారు.

"ఏం చూస్తాండావు నాయనా?" అంటూ కొడుకు కంగారుగా ముందుకు రాబోయి డబ్బాను తన్నుకున్నాడు. అది గట్టిగా మోగింది.

పెద్దాయన వెనక్కి తిరక్కుండానే చెయ్యెత్తారు.

"ఆ డబ్బా అవతల పెట్టురా. సప్పుడుకు అది బెదురుతాది."