నాయన కుడిచెయ్యి

మార్కాపురంలో మా కూతురి ఇంటికి రెండు వీధుల అవతల ఉన్న ఫిజియోథెరపీ గదికి నెల రోజులుగా పొద్దున్నే వెళ్లివస్తున్నాను. బాత్రూంలో జారి కుడి భుజం మీద పడ్డాను. ఎముక విరగలేదు గాని, భుజం కీలును చుట్టి పట్టుకునే కండరాలు చిరిగాయని, ఈ వయసులో ఆపరేషన్ వద్దని, ఓపికగా కసరత్తు చేస్తే బలం తిరిగి వస్తుందని డాక్టరు చెప్పాడు. డెబ్భై ఏళ్లకు కసరత్తు మొదలుపెట్టే యోగం ఎంతమందికి పడుతుంది! మొదట ముందుకు వంగి, చేతిని వేలాడదీసి గుండ్రంగా ఊపమన్నారు, ఆ తర్వాత గోడ మీద వేళ్లను బల్లిలాగా పైకి పాకించమన్నారు, అన్నిటికీ తల ఊపి చెప్పినట్టు చేశాను. మొన్న సోమవారం మాత్రం అక్కడ పనిచేసే పిల్ల, మా మనవరాలి ఈడుది, తలుపు పైనున్న గిలక మీదుగా ఒక తాడు వేసి, రెండు కొసలూ నా రెండు చేతుల్లో పెట్టి, మంచి చేత్తో కిందికి లాగితే చెడ్డ చెయ్యి తనంతట తానే పైకి లేస్తుందని చూపించింది. నేను తాడు పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను. నొప్పేమోనని ఆ పిల్ల కంగారు పడింది. నొప్పి కాదు. అట్లా తాడు లాగడం నేను అరవై ఏళ్ల కిందటే చూశాను, పుల్లలచెరువు అవతల ఒక గుట్ట మీద, మా నాయన చేస్తుంటే.

అప్పటికి మాది ఇంకా కర్నూలు జిల్లా. నల్లమల అంచున ఉన్న మా ఊళ్లో నాయనకు యాభై దాకా మేకలుండేవి. మన ఈడు వాళ్లకు చెప్పనక్కరలేదు, ఎండాకాలం వస్తే ఆ నేలల్లో గడ్డిపోచ కనిపించదు, మేకలు బతకాలంటే మనిషి చెట్టెక్కి మండలు కొట్టాలి, లేదంటే కొసకు కొడవలి కట్టిన పొడుగాటి దోటితో కింద నిలబడి కొమ్మలు కోయాలి. దేనికైనా చెయ్యి తలకంటే పైకి లేవాలి. చెయ్యి లేవని మనిషికి మంద ఉండదు, ఇది మా వాళ్లలో ఎవరూ ఎవరికీ చెప్పరు, పుట్టినప్పటి నుంచి అందరికీ తెలుసు. ఆ ఏడు వేపచెట్టు మీదినుంచి నాయన పడ్డాడు. భుజం కీలు తప్పింది.

చిన్నాయన ఆయనను దొనకొండ వైపు కట్టు కట్టే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకుపోయాడు. కోడిగుడ్డు సొన, మినప్పిండి కలిపి పూసి, వెదురు బద్దలు పెట్టి బిగించి పంపించాడు. ఆ కట్టు వాసనకు వారం రోజులు మా వీధిలో పిల్లులన్నీ నాయన మంచం చుట్టూ తిరిగాయి, అమ్మ వాటిని చీపురుతో తరమలేక ఏడ్చేది. ఆ పెద్దాయనను ఒక్క మాట అనడానికి నాకు నోరు రాదు. కీలు సరిగ్గానే కూర్చోబెట్టాడు, పైగా అమావాస్య దాటినాక కట్టు విప్పి చేతిని మెల్లగా ఆడించుకోవాలని స్పష్టంగా చెప్పి పంపించాడు. ఇవాళ ఈ పిల్ల చెప్పేదీ అదే మాట. చెడగొట్టింది మేమే, మా ఇంట్లోనే.

నాయన తల్లి, మా జేజి, చాలా ప్రేమగల మనిషి. కొడుకు మీద ప్రేమతోనే అమ్మవారికి మొక్కుకుని, పసుపు గుడ్డలో రూపాయి మూటగట్టి ఆ ముడుపును కట్టు మీదే ముడివేసింది. అమ్మవారి తిరునాళ్లలో, గుడి ముందరే ఆ ముడుపు విప్పాలి, దాన్ని విప్పందే కట్టు ఊడిరాదు. తిరునాళ్లకు ఇంకా మూడు నెలలుంది. అమావాస్య వచ్చి పోయింది. నాయన అడిగాడు, కట్టినాయన విప్పమన్నాడని చెప్పాడు, చిన్నాయన కూడా ఒక మాట సాయం చేశాడు. జేజి వినలేదు. మాట ఇచ్చింది అమ్మవారికి, కట్టు కట్టే ముసలోడికి కాదు అంది. ముడుపు మధ్యలో తీస్తే ఆ చెయ్యి అమ్మవారే తీసుకుంటుందని నన్ను పక్కకు పిలిచి చెప్పింది. నాకు పదేళ్లు. నేను నమ్మాను.

కట్టుతోనే నాయన మేకల వెంట పోయేవాడు, మండలు కొట్టే పని చిన్నాయన చేసి తన మంద దగ్గరికి వెళ్లిపోయేవాడు. మధ్యాహ్నం సంగటి, ఊరిబిండి మూట పట్టుకుని గుట్టకు పోవడం నా పని. ఒకరోజు పోయేసరికి నాయన కట్టు వదులు చేసి చేతిని బయటికి తీసి ఉన్నాడు. మేకను కట్టే తాడు ఒకటి వేపకొమ్మ మీదుగా వేసి, ఒక కొస కుడిచేతికి చుట్టుకుని, రెండో కొసను ఎడమచేత్తో లాగుతున్నాడు. కుడిచెయ్యి రొమ్ము దాకా లేచి ఆగిపోయింది. ముఖమంతా చెమట. నన్ను చూసి సిగ్గుపడ్డాడు, నాయన సిగ్గుపడగా నేను చూసింది అదొక్కసారే.

"మీ జేజికి చెప్పొద్దు తల్లీ," అన్నాడు. "ఇట్ల రోజూ లాగితే తిరునాళ్ల నాటికి చెయ్యి పైకి లేస్తాది. అప్పుడు అమ్మవారికి రెండు చేతులెత్తి దండం పెడతా, మీ జేజే సంతోషపడతాది."

ఒంటిచేత్తో కట్టు తిరిగి బిగించుకోవడం ఆయన వల్ల కాదు. అందుకని రోజూ నేనే బద్దలు సర్ది, గుడ్డ చుట్టి, ముడుపు ఎక్కడున్నదక్కడ ఉండేట్టు ముడివేసేదాన్ని. పదిరోజులు అట్లా గడిచాయి. చెయ్యి రొమ్ము నుంచి గడ్డం దాకా వచ్చింది, గడ్డం నుంచి నుదుటి దాకా వచ్చింది. పదోరోజు తాడు వదిలేసి కూడా కాసేపు గాలిలో నిలబెట్టగలిగాడు. ఇదంతా నా కళ్లతో చూశాను. చూడలేదని చెప్పుకునే వీలు కూడా నాకు లేదు.

పదకొండోరోజు పొద్దున మేకపిల్లలు రెండు కడుపుబ్బి చచ్చిపోయాయి. పిల్లమేకలు చావడం ఆ రోజుల్లో ఏ ఇంట్లోనూ వింత కాదు. జేజి మాత్రం వాకిట్లో కూలబడి, ముడుపు మైలపడింది, ఎవరో తాకినారు, ఇంక ఒక్కొక్కటే పోతాయి, ఆ తర్వాత మనిషి మీదికి వస్తాదని శోకాలు పెట్టింది. ఒక్కొక్కరినే అడిగింది. అమ్మ తెలియదంది. చిన్నాయన తెలియదన్నాడు. నా దగ్గరికి వచ్చి గడ్డం పట్టుకుని, "నువ్వు చెప్పు, నీకు మీ నాయన కావాల్నా వద్దా?" అంది. నేను చెప్పేశాను. తాడు, కొమ్మ, నేను వేసే ముడి, అన్నీ చెప్పాను. జేజి అడగనివి కూడా చెప్పాను.

"ఏందిరా ఇది, అమ్మవారితో ఆటలాడినావా?" అని జేజి అరుస్తుంటే నాయన నావైపు ఒకసారి చూశాడు. తిట్టలేదు. కొట్టి ఉంటే ఇవాళ నాకు ఇంత బరువు ఉండేది కాదు. కొత్త గుడ్డ తెచ్చి, చేతిని రొమ్ముకు ఆనించి, మోచెయ్యి కూడా కదలకుండా కట్టారు. మేకలకు పోనివ్వలేదు. తిరునాళ్ల వచ్చేదాకా జేజి కంటి ముందర మంచం మీదే కూర్చోబెట్టారు, బాధ్యతగా కాపలా కాసిన వాళ్లలో నేనూ ఒకదాన్ని. గుడి ముందర కట్టు విప్పేసరికి భుజం మీద కండ జారిపోయి ఎముక తేలింది. చెయ్యి రొమ్ము దాటి లేవలేదు. ఆ తర్వాత ఎన్నాళ్లు తాడు లాగినా లేవలేదు. నువ్వు మధ్యలో విప్పినందుకే ఇట్ల అయింది అని జేజి చచ్చేదాకా నాయనను అంటూనే ఉంది.

మేకలు చిన్నాయన మందలో కలిసిపోయాయి. నాయన మార్కాపురం వచ్చి పలకల గని దగ్గర వాచ్‌మన్‌గా కుదిరాడు, కుర్చీలో కూర్చునే పని, ఆయనకు కూర్చోవడం చేతకాదు. నన్ను గిద్దలూరులో హాస్టల్లో వేశారు. మేకలుండి ఉంటే నేను మేకల వెంటే పోయేదాన్ని, బడి ముఖం చూసేదాన్ని కాదు. మేకలోళ్ల పిల్ల టీచరమ్మ అయిందని మా వైపు ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు. ఆ గొప్ప ఎక్కడినుంచి వచ్చిందో ఎవరూ అడగరు, నేనూ చెప్పను. ఉద్యోగం చేసిన ముప్పై ఏళ్లలో నా తరగతిలో మాట్లాడేవాళ్ల పేర్లు బోర్డు మీద రాసే పనిని మాత్రం ఏ పిల్లకీ అప్పగించలేదు. టీచరమ్మకు అదుపు తక్కువని తోటివాళ్లు నవ్వుకునేవారు.

నా పెళ్లిలో అక్షింతలు వేయడానికి నాయన కుడిచెయ్యి ఎత్తబోయాడు. లేవలేదు. ఎడమచేత్తో కుడి మోచేతిని పైకి తోసి వేశాడు, అవి నా తల మీదికి రాలేదు, ఒళ్లో పడ్డాయి. పెళ్లికొడుకు తరఫువాళ్లలో ఎవరో నవ్వారు. నేను తల ఇంకా వంచి ఉండాల్సింది, ఆ బుద్ధి అప్పుడు పుట్టలేదు. ఆ తర్వాత నాయన ఇరవై ఏళ్లు బతికాడు. పలకరించేవాడు, పిల్లలను ఆడించేవాడు, ఏ లోటూ చేయలేదు. కాని మళ్లీ ఒక్క గుట్టు మాట నాతో చెప్పలేదు. గుండెనొప్పి వస్తోందని అమ్మకు తెలుసు, చిన్నాయనకు తెలుసు, పక్కింటి వాళ్లకు కూడా తెలుసు. నాకు ఆయన పోయినాక తెలిసింది.

ఇప్పుడు కాలం మారింది. నాయన గుట్ట మీద దొంగతనంగా చేసిన పనిని ఏసీ గదిలో, పదిమంది ముందర, అంకెలు లెక్కపెట్టి మరీ చేయిస్తున్నారు. పుల్లలచెరువు నుంచి, కంభం నుంచి బస్సెక్కి వచ్చే నా ఈడు వాళ్లు రంగురంగుల రబ్బరు పట్టీలు లాగుతూ, నాకు పచ్చది వచ్చింది, నీకింకా ఎర్రదేనా అని ఎగతాళి చేసుకుంటారు. వాళ్లను చూస్తే ముచ్చటగానే ఉంటుంది, ఆ వెంటనే నాయన గుర్తొస్తాడు. ఇంత చిన్న పనికి, ఒక తాడుకు, ఒక కొమ్మకు, ఇంకో నెల రోజుల ఓపికకు మా నాయన నోచుకోలేదు.

నిన్న నా చెయ్యి నుదురు దాటింది. ఆ పిల్ల సంబరపడి, తాడు లాగడం ఇంత బాగా ఎవరు నేర్పినారవ్వా అంది. ఎందుకో తెలియదు, అరవై ఏళ్లలో మొదటిసారి ఒక మనిషికి అంతా చెప్పాను. ఆమె నా వీపు నిమిరి, "చిన్నపిల్లవు గదవ్వా, నీకేం తెలుసు అప్పుడు," అంది.

మంచి పిల్ల, ఓదార్పుకే అంది. కట్టు విప్పితే మంచిదో చెడ్డదో నాకు తెలియదు, నిజమే. చెప్పొద్దు తల్లీ అని నాయన అడిగినాడని మాత్రం తెలుసు.