మరమ్మతుకొచ్చిన టీవీల్లో నా ఆట

మొన్న ఆదివారం తాడేపల్లిగూడెం నుంచి ఏలూరు వెళ్లాను, నాన్న కొట్టు ఖాళీ చేస్తున్నారంటే. టీవీలు బాగుచేసే కొట్టు. మిగిలిన డబ్బా టీవీలన్నీ పాత సామాన్లు కొనేవాళ్లకి ఇచ్చేస్తున్నారు. బల్ల సొరుగులో, స్క్రూల డబ్బాల వెనక, నా చిన్నప్పటి వీడియో గేమ్ కనిపించింది. క్యాసెట్ కూడా అందులోనే ఉంది. చూడగానే ముచ్చటేసి ఉంటుందనుకుంటారేమో. ఒళ్లు మండింది.

మాకంటూ ఒక టీవీ ఉండేది కాదు. కొట్లో ఉన్నవన్నీ ఊళ్లోవాళ్లవే. ఏ టీవీ బాగుచేసినా నాన్న వెంటనే ఇచ్చేసేవారు కారు. రోగం తిరగబెడుతుందేమోనని గంటల తరబడి ఆన్‌లో ఉంచి చూసేవారు. కొల్లేటి లంకకి పడవ మీద వెళ్లిన టీవీ మళ్లీ పాడై వెనక్కి వస్తే ఆయనకి తలవంపులు. అది వెలుగుతున్నంతసేపూ దాని మీద నేను ఆడుకోవచ్చు. "ఆడుకోమ్మా, ఎంతసేపైనా ఆడుకో" అనేవారు. శుద్ధ అబద్ధం. ఆ టీవీ తాలూకు మనుషులు వచ్చేదాకా అని దానర్థం.

ఆటలో ఏటి మీద తేలే దుంగల మీంచి గెంతిస్తూ ఒక బుల్లి మనిషిని కోటకి చేర్చాలి. కింద నుంచి చేపలు ఎగిరి కొడతాయి. ఒకసారి చేపల చెరువు కాపలా పాకలోకి టీవీ పట్టుకెళ్లడానికొచ్చిన ఒకాయన, "ఇదేం చేపండీ సాయిబుగారూ, మనిషినే కొడతంది! మా చెరువులో ఇలాంటిదుంటే కాపలా మానేసి పారిపోయేవాళ్లమండి" అని నాన్నతో అంటూ పగలబడి నవ్వాడు. నవ్వి, టీవీ ఎత్తుకుపోయాడు. అప్పుడు నేను ఆఖరి స్టేజీలో ఉన్నాను. ప్రతిసారీ ఇదే వరస. గుండుగొలను నుంచి ఒకరు, పెదవేగి నుంచి ఇంకొకరు, సరిగ్గా కోట కనిపించేసరికి గుమ్మంలో దిగేవారు. "మా టీవీ అయిందాండీ?" అనడమే ఆలస్యం, నాన్న నా వైపు చూడకుండా ప్లగ్గు లాగేసేవారు. టీవీ, ఆట ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి ఉండేవి, ఆయన లాగేది ఆ బోర్డు ప్లగ్గే. కరెంటు తీస్తే ఆట మళ్లీ మొదటికే. నేను ఏడిస్తే, "వచ్చినవాళ్లని నిలబెట్టకూడదమ్మా" అనేవారు. నన్ను ఏడిపించొచ్చు కాబోలు. ఆ వచ్చేవాళ్లందరి మీదా కసి పెంచుకుని పెరిగాను.

ఆదివారంనాడు మిగిలిన టీవీల్లో ఒకటి వెలిగింది. ఆట తగిలించి కూర్చున్నాను. ఇన్నేళ్లయినా ఆ చేపలకి నా మీద దయ కలగలేదు. తిట్టుకుంటూ, బొత్తాలు అరిగేలా నొక్కుతూ, భోజనానికి కూడా లేవకుండా ఆఖరి స్టేజీకి వచ్చాను. కోట కనిపించింది. బయట ట్రాలీ ఆటో ఆగింది.

"సాయిబుగారూ, టీవీలు ఎక్కించుకోమంటారాండీ?"

నాన్న లేచి, నా వైపు చూడకుండా, ప్లగ్గు లాగేశారు.

"ఒక్క ఐదు నిమిషాలు ఆగమంటే వాళ్లు ఆగరా నాన్నా? ఇన్నేళ్లలో ఒక్కళ్లనైనా అడిగారా?" అని వీధంతా వినిపించేలా అరిచాను. పాత సామాన్లాయన బిత్తరపోయాడు.

"అయ్యో, ఆగుతానండి. నాకేం తొందర లేదండి. ముందే చెప్తే టీ తాగొచ్చేవాణ్ణి కదండీ" అని అరుగు మీద కూర్చున్నాడు.

అంతే. అంత తేలికైన పని. నాన్న ప్లగ్గు మళ్లీ పెట్టి, నా పక్కన స్టూలు లాక్కుని కూర్చుని, "ఆడమ్మా" అన్నారు. తెర మీద మొదటి స్టేజీ వచ్చింది. నా కోపం తగ్గలేదు సరికదా, ఇంకా పెరిగింది. గుండుగొలనాయన, పెదవేగాయన, ఆ చేపల చెరువాయన, అందరూ ఆగేవాళ్లే. వాళ్ల మీద కసి అంతా దండగే. ఆ ఐదు నిమిషాలు ప్రతివాళ్ల దగ్గరా ఉండేవి, నా కోసం అడిగేవాళ్లే లేకపోయారు.