రెండు తీగల ఎండాకాలం

మొన్న కడపలో మా పక్కింటి పాప కొత్తగా కొన్న వయొలిన్‌ని చూపించడానికి తెచ్చి నా మంచం మీద పెట్టి, పెట్టె మూలలోంచి తేనెరంగు ముక్క ఒకటి తీసి కమాను వెంట్రుకలకు అటూ ఇటూ రుద్దింది. గది నిండా గుగ్గిలం వాసన. దర్గాలో నిప్పుల మీద వేసినప్పటి పొగ వాసన కాదు, పచ్చి కొమ్మ విరిచినప్పుడు చేతికి అంటుకునే జిగురు వాసన. పాప ఏదో అడుగుతూనే ఉంది. నేను మాత్రం కువైట్‌లో, హవల్లీలో, సెలవులకి మూసేసిన ఒక బడి హాల్లో, మా తమ్ముడు మస్తాన్ పక్కన కూచుని ఉన్నాను.

మాది రాయచోటి దగ్గరి పల్లె. ముస్లింలమైనా ఇంట్లో మాట్లాడేది తెలుగే. ఎనభైల మొదట్లో నాయన కువైట్‌లో షువైఖ్ గ్యారేజీల్లో లారీ ఇంజన్లు బాగుచేసేవాడు. హవల్లీలో మూడో అంతస్తులో మా ఫ్లాటు, ఇరుకైనదే అయినా ఆ మేడకి లిఫ్టు ఉంది కాబట్టే నాయన దాన్ని పట్టుకున్నాడు. మస్తాన్‌ పుట్టడమే గుండెలో రంధ్రంతో పుట్టాడు. పది మెట్లెక్కితే పెదాలు నేరేడుపండ్లు తిన్నట్టు నీలంగా మారేవి, పరుగెత్తితే నాలుగడుగులకే గొంతుక్కూచుని మోకాళ్లకి గడ్డం ఆనించి ఊపిరి కోసం ఆగేవాడు. లిఫ్టు చెడిపోయిన రోజుల్లో నాయన నూనె మరకల చొక్కాతోనే వాణ్ని భుజానెత్తుకుని మెట్లెక్కుతుంటే, వాడు పైనుంచి ప్రతి అంతస్తులోనూ తలుపు తీసి ఉన్న వాళ్లందరికీ సలాం చెప్పేవాడు.

అక్కడి ఎండాకాలం సంగతి మన ఎండలు చూసినవాళ్లకి చెప్పినా అర్థం కాదు. మిద్దె మీది ట్యాంకులో నీళ్లు కాగిపోయేవి కాబట్టి చన్నీళ్ల కుళాయి తిప్పితే పొగలు కక్కే నీళ్లొచ్చేవి, అందుకని అమ్మ గీజరు ఆపేసి, అందులో నిలవున్న నీళ్లని చన్నీళ్లుగా వాడేది. తోజ్ లేచిందంటే, అంటే దుమ్ముగాలి, కిటికీ సందుల్లో తడిగుడ్డలు కుక్కినా పళ్ల కింద ఇసక కరకరలాడేది, పగలే ఊరంతా పసుపు కలిపిన నీళ్లలో మునిగినట్టుండేది. ఏసీ కింద పెట్టిన డబ్బాలో టప్ టప్‌మని నీళ్లు, బేకరీ నుంచి నాయన కాగితంలో చుట్టి తెచ్చే వేడి ఖుబ్జ్ రొట్టెలు, ఫ్రిజ్‌లో కోసి పెట్టిన పుచ్చకాయ. బళ్లు మూసెయ్యగానే మనవాళ్లంతా ఊళ్లకి వెళ్లిపోయి, సెప్టెంబరులో మామిడి తాండ్రతో, ఊరి కబుర్లతో తిరిగొచ్చేవాళ్లు. మేం మాత్రం కదిలేవాళ్లం కాదు. మస్తాన్‌కి ఆపరేషను అక్కడి ఆసుపత్రిలోనే చెయ్యాలి, అందాకా వాణ్ని విమానమెక్కించొద్దని డాక్టర్ల మాట.

సాయంత్రం నీడ పడ్డాక కింద పార్కు చేసిన కార్ల మధ్య పాలస్తీనా పిల్లలు బంతాట ఆడేవాళ్లు. మస్తాన్ మెట్టు మీద కూచుని గోలు అయిందో లేదో చెప్పేవాడు. అరబ్బీలో వాడికి వచ్చిన ముక్కలన్నీ ఆ తీర్పులే. వాడు కాదంటే ఎవరూ ఎదురు మాట్లాడేవాళ్లు కాదు. కానీ వాళ్లు బంతి తీసుకుని పక్క సందులోకి పోయినప్పుడు ఖాళీ మెట్ల మీద ఒక్కడే మిగిలిపోయేవాడు. కిటికీలోంచి చూసి అమ్మ పని చెయ్యడం మానేసి నిలబడిపోయేది.

నాకు పదేళ్లు, వాడికి ఎనిమిది నిండిన ఆ జూన్‌లో ఒకరోజు నాయన అన్నం ముందు కూచుంటూ అన్నాడు. "మా గ్యారేజీకి చైనా ఇంజనీరొకాయన వస్తాంటాడు. ఆయన భార్య సెలవుల్లో పిల్లోల్లకి వాళ్ల దేశం వాయిద్యాలు నేర్పిస్తాదంట. పంపిద్దామా?"

"ఎగరాల్నా, దుంకాల్నా?" అంది అమ్మ.

"కూచోనే వాయించేదంట."

"అట్లయితే ఇద్దర్నీ పంపు."

ఆ విధంగా, చైనా ఎక్కడుందో పటంలో చూపించలేని మేమిద్దరం చైనా సంగీతం నేర్చుకోడానికి వెళ్లాం. బడి హాల్లో బెంచీలన్నీ గోడకి నెట్టి చాపలు పరిచారు. దూలమంత పొడవున, తీగలు తీగలుగా పడుకున్నది గుజెంగ్. నల్లటి పొడవు మెడ, కింద కొబ్బరిచిప్ప అంత డొక్క, రెండే తీగలు ఉన్నది ఎర్హు. గుగ్గిలం రుద్దిన దాని కమాను ఆ రెండు తీగల మధ్యే ఇరుక్కుని ఉంటుంది, వాయిద్యాన్నీ కమానునీ విడదీయలేం. చెవుల దాకా కత్తిరించిన జుట్టు, నీలం చొక్కా, గుడ్డ బూట్లతో పొట్టిగా ఉన్న ఆమె పేరు లిన్. అక్కడి బళ్లలో పంతులమ్మని 'అబ్లా' అని పిలుస్తారు కాబట్టి మాకు ఆమె లిన్ అబ్లా అయింది. ఆమెకు మా భాషలేవీ రావు. 'గుడ్', 'నో గుడ్', అరబ్బీలో 'షువై షువై', అంటే నిదానంగా నిదానంగా అని. ఈ మూడింటితోనే పాలస్తీనా, ఈజిప్టు, మలయాళం, తెలుగు పిల్లలందర్నీ నడిపించింది.

నాకు వేళ్లకి ప్లాస్టరుతో అతికించే ఉత్తుత్తి గోళ్లిచ్చి గుజెంగ్ ముందు కూచోబెట్టింది. మస్తాన్‌ మాత్రం ఎర్హుని చూశాక ఇంక దేన్నీ చూడలేదు. ఆ రోజు ఇంటికి రాగానే గడపలోంచే అరిచాడు. "మా! నా దానికి పాము తోలుండాది!"

"యా అల్లా! పామా? చేతులు కడుక్కున్యావా లేదా?" అని అమ్మ వాణ్ని కుళాయి దగ్గరికి లాక్కుపోయింది. నాయన నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకున్నాడు.

ఆ సంగీతాన్ని అంకెల్లో రాస్తారు. మేం ఒకటి, రెండు, మూడు, ఐదు, ఆరు అని పాడుకుంటుంటే అమ్మకి అనుమానమొచ్చింది, "పాటలని పంపితే ఎక్కాలు చదివిస్తాండారే" అని. మస్తాన్‌ సందేహం వేరే. "అక్కా, నాలుగూ ఏడూ యాడికి పోయినాయి?" అనడిగాడు. ఆ పాటల్లో అవి రావు మరి. "సెలవులకి ఊరికి పోయింటాయిలే" అన్నాను. ఆ తరవాత వాయించేటప్పుడు మూడు దాటి ఐదుకి వెళ్లిన ప్రతిసారీ వాడు నా వైపు చూసి నవ్వేవాడు.

మొదటివారంలోనే హాల్లో గోలగా అటూ ఇటూ తిరుగుతున్నప్పుడు వాడికి ఊపిరాడక నేల మీద గొంతుక్కూచుండిపోయాడు. పిల్లలంతా బిక్కచచ్చిపోయి చుట్టూ మూగారు. నేను ఏడుపు మొహంతో పరుగెత్తాను. లిన్ అబ్లా మాత్రం కంగారు పడలేదు, వాణ్ని పట్టుకోలేదు. వచ్చి వాడి పక్కనే సరిగ్గా అలాగే గొంతుక్కూచుని, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, మనుషులంతా అలసట తీర్చుకునే పద్ధతి అదే అన్నట్టు కిటికీలోకి చూస్తూ ఉండిపోయింది. కాసేపటికి పిల్లలు కూడా ఒకరి తరవాత ఒకరు కూచున్నారు. ఆనాటి నుంచి మా క్లాసులో విరామమంటే అందరూ గొంతుక్కూచోవడమే. ఎనిమిదేళ్లలో మా తమ్ముడు అందరిలాగా ఉన్నది అక్కడొక్కచోటే.

ఆ సెలవుల్లోనే రంజాన్ వచ్చింది. నెల సగంలో గర్గియాన్, అక్కడి పిల్లల పండగ. మెడలో గుడ్డ సంచులు వేసుకుని ఇంటింటికీ తిరిగి పాడితే వేరుశనగలు, అంజూరాలు, చాక్లెట్లు దోసిళ్లతో పోసేవాళ్లు. నేను రెండు సంచులు వేసుకుని, ఒకటి తమ్ముడిదని చెప్పి నింపించుకుని వచ్చాను. వాడు సగం అమ్మ చేత పొట్లం కట్టించి మర్నాడు లిన్ అబ్లా చేతిలో పెట్టాడు. రంజాన్ పండగనాడు అమ్మ సేమ్యా, ఖర్జూరాలు, పాలు పోసి వండిన షీర్ ఖుర్మా గిన్నెతో ఆమె ఇంటికి మమ్మల్ని తీసుకెళ్లింది. వాళ్లిద్దరూ తలలూపుకుంటూ, ఒకరి చీర ఒకరు, ఒకరి బూట్లు ఒకరు చూసుకుంటూ మధ్యాహ్నమంతా కూచున్నారు. గోడ మీద ఒక చిన్నపిల్ల ఫొటో ఉంది. అబ్లా దాన్ని చూపించి, చెయ్యి దూరంగా ఊపింది. కూతుర్ని ఊళ్లో వాళ్లమ్మ దగ్గర వదిలి వచ్చిందని అమ్మకి అర్థమైంది.

ఆగస్టు చివర హాల్లో కచేరీ. పడవ నడిపేవాళ్ల పాట అని అబ్లా తెడ్డు వేసినట్టు చేతులాడించి చూపించిన చిన్న పాట మస్తాన్‌ది. అబ్లా ఇంటికిచ్చి పంపిన ఎర్హు మీద రోజంతా ఆ ఏసీ హోరులో వాడు కుంయ్ కుంయ్‌మని సాధన చేసేవాడు. అందరూ వాయించే దానికంటే బాగా నెమ్మదిగా, ప్రతి స్వరం దగ్గరా దిగి చూసి మళ్లీ పడవెక్కినట్టు. కచేరీకి ఇంకా కొన్ని రోజులుండగానే ఆసుపత్రి నుంచి కబురొచ్చింది, మంచం ఖాళీ అయింది, పిల్లాణ్ని చేర్పించండని. వాడు ఆపరేషనుకి భయపడలేదు. కచేరీ పోయిందని గోడవైపు తిరిగి పడుకున్నాడు.

నాయన వెళ్లి లిన్ అబ్లాకి చెప్పాడు. మర్నాడు సాయంత్రపు అసర్ నమాజు అయ్యాక తలుపు తీస్తే, లిఫ్టులో పట్టని గుజెంగ్‌ని ఇంజనీరుగారూ పెద్దపిల్లలూ మెట్ల మీద మోసుకొస్తున్నారు. క్లాసంతా మా ముందుగదిలో కూచుంది. చోటు చాలక ఇరుగుపొరుగువాళ్లు తలుపు దగ్గరా వసారాలోనూ నిలబడ్డారు. అంతమంది ఊపిరికి మా ఏసీ చేతులెత్తేసింది, అందరికీ చెమటలు. తెల్ల చొక్కాతో మస్తాన్ మధ్యలో కూచుని ఆ పడవ పాట మొదటి నుంచి చివరిదాకా వాయించాడు. మధ్యలో ఒకసారి ఊపిరి కోసం ఆగాడు. ఎవ్వరూ కదల్లేదు. మళ్లీ అందుకున్నాడు. అయిపోయాక కింద ఆడుకునే పాలస్తీనా పిల్లలు గోలు కొట్టినట్టు అరిచారు. వాడు సిగ్గుతో అమ్మ కొంగులో తల దూర్చేశాడు.

ఆసుపత్రికి బయల్దేరుతూ, ఎర్హుని వాయించనప్పుడు ఎలా ఉంచాలో అబ్లా నేర్పినట్టే నాతో అన్నాడు. "అక్కా, తీగల కింద పెన్సిలు పెట్టు. లేకుంటే తోలుకి నొప్పి పుడతాది."

పెట్టాను. ఆపరేషను బాగానే జరిగిందన్నారు. మస్తాన్ మాత్రం కళ్లు తెరవలేదు.

మా ఆచారంలో ఆడవాళ్లు ఖననానికి వెళ్లరు. నాయన, గ్యారేజీ మనుషులు, ఇంజనీరుగారు వెళ్లి సులైబిఖాత్ శ్మశానంలో వాణ్ని మట్టికిచ్చి వచ్చారు. నాయన గుమ్మంలో చెప్పులు విడిస్తే అందులోంచి ఇసక రాలింది. నేను ఊడ్చబోతే అమ్మ చీపురు లాక్కుని అవతల పడేసింది. ఆ ఇసక చుట్టూ నడిచాం మేం, చాలా రోజులు.

లిన్ అబ్లా వారానికోసారి వచ్చి కూచునేది. అమ్మ ఎవ్వరితోనూ మాట్లాడని రోజులవి. ఆమెతో మాత్రం మాట్లాడేది, అచ్చమైన రాయచోటి తెలుగులో, మస్తాన్‌ పుట్టినప్పుడు వానెట్లా పడిందో, ఏ దర్గాలో మొక్కుకుంటే ఆ పేరు పెట్టారో, వాడికి ఉడికించిన శనగలంటే ఎంతిష్టమో. అబ్లా ఒక్క మాటా తెలియకుండా అంతా వినేది. ఒకరోజు అమ్మ లోపలికి వెళ్లి ఎర్హు తెచ్చి ఆమె చేతుల్లో పెట్టింది. తిరిగి ఇచ్చేస్తోందనుకుంది ఆమె, వద్దని నెట్టింది. "అది కాదు తల్లీ. వాయించు. వాని పాట వాయించు" అంది అమ్మ, కమాను లాగినట్టు చెయ్యి చూపిస్తూ.

అబ్లా పెన్సిలు తీసి, తీగలు సరిచేసి పడవ పాట వాయించింది. గలగలా, ఎంతో బాగా. అమ్మ తల అడ్డంగా ఊపి నావైపు తిరిగింది. "వానిది ఇంగా నిదానంగా ఉండ్య గదా, చెప్పు ఆమెకి."

"షువై షువై, అబ్లా" అన్నాను.

ఆమె అమ్మ మొహంలోకి చూసింది. మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి మస్తాన్ వాయించినట్టే వాయించింది, వాడు తడుముకునే చోట తడుముకుంటూ, వాడు ఊపిరి కోసం ఆగిన చోట ఆగి. అప్పుడేడ్చింది మా అమ్మ, వాడు పోయాక మొదటిసారి.

మరుసటేడు ఇంజనీరుగారి పని అయిపోయి వాళ్లు వెళ్లిపోయారు. ఎయిర్‌పోర్టులో అబ్లా నా వేళ్లన్నీ ఒకసారి నొక్కి చూసి వదిలింది. నేను మళ్లీ గుజెంగ్ ముట్టుకోలేదు, ఆ ఊళ్లో నేర్పేవాళ్లూ లేరు. తొంభైలో ఇరాక్ సైన్యం వచ్చినప్పుడు, ఒక్కో సంచితో బస్సులెక్కి ఎడారి దాటి బయటపడిన వేలమందిలో మేమూ ఉన్నాం. ఎర్హు అటక మీదే ఉండిపోయింది. బయల్దేరే ముందు ఒక్కసారి సులైబిఖాత్ తీసుకెళ్లమని అమ్మ నాయన కాళ్లు పట్టుకుంది. దారంతా సైనికుల కాపలా, తీసుకెళ్లలేకపోయాడు. నాయన పోయేదాకా ఆ మాట ఇంట్లో ఎవరమూ ఎత్తలేదు.

పోయినేడు చలికాలంలో, అక్కడ పనిచేస్తున్న మా ఆయన తమ్ముడి దగ్గరికి వెళ్లే వీలు దొరికింది. హవల్లీలో మా మేడ లేదు, దాని చోట అద్దాల భవనం. బడి లేదు, హాలు లేదు. బంతాట ఆడిన పిల్లల కుటుంబాలు యుద్ధం తరవాత చెదిరిపోయి ఏ దేశాల్లో ఉన్నాయో చెప్పేవాళ్లు లేరు. సులైబిఖాత్‌లో పాత భాగం చూపించి కాపలామనిషి పక్కకి తప్పుకున్నాడు. కనుచూపు మేరా ఇసక, అందులో చిన్న చిన్న దిబ్బలు, తల దగ్గర ఒక్కో రాయి. పేర్లు లేవు. ఏది మావాడిదో తెలీక ఎండలో అటూ ఇటూ తిరిగి తిరిగి, ఆఖరికి ఒకచోట నిలబడి ఫాతిహా చదివాను.

కడపలో మా ఇంట్లో ఉన్న అమ్మకి అక్కణ్నుంచే ఫోను చేశాను. అబద్ధం చెబుదామనుకునే చేశాను, కానీ ఆమె గొంతు వినగానే నోరు రాలేదు.

"కనపడ్న్యాడా?" అంది.

"లేదు మా. ఏది వానిదో తెలీలేదు. అందురికీ చదివినా."

అమ్మ మళ్లీ అడిగింది.

"వాని పక్కన పిల్లోల్లు ఉండారా?"

"ఉండారు మా. ఈ వైపంతా పిల్లోల్లే."

"ఉండారా," అంది అమ్మ. "అయితే ఇంక రా బిడ్డా, ఎండలో నిలబడొద్దు."