పాచి పోయేదాకా

మా వియ్యపురాలు పోయింది. అంటే మా కోడలి తల్లి. పోయిన వారం పొద్దున కాఫీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, కుర్చీలో కూర్చుని అలాగే వెళ్ళిపోయింది. చివరిదాకా ఎవరిచేతా పని చేయించుకోకూడదని ఆవిడ పంతం. నెగ్గించుకుంది. పలకరించడానికి వచ్చినవాళ్ళు నా ముఖంలో కన్నీళ్ళకోసం వెతికారు. లేకపోలేదు. కాకపోతే ఆవిడను తలుచుకుంటే ముందు నవ్వొస్తుంది; కన్నీళ్ళు సర్వదర్శనం వరసలో ఎక్కడో వెనక ఉంటాయి.

మోకాలి ఆపరేషన్ అయ్యాక, ఐరాల దగ్గర వాళ్ళ పల్లె నుంచి తిరుపతిలో మా ఇంటికి వచ్చింది. అప్పటికి భర్త లేడు. ఉండమని కూతురు అంది, అల్లుడు అన్నాడు, నేనూ అన్నాను. ఆవిడ మాత్రం సంచిలోని బట్టలు బీరువాలోకి మార్చలేదు. కూతురింట్లో కాలు చాపుకుని కూర్చోవడం మా తరం వాళ్ళకు గొంతు దిగని ముద్ద. “నడక రాంగానే పోతా వదినా,” అనేది రోజూ. మా సోఫాలో ఆవిడ బస్టాండు బెంచీ మీద కూర్చున్నట్టే కూర్చునేది.

మా హాల్లో ఒక చేపల తొట్టె ఉంది. నీళ్ళు ఈశాన్యంలో ఉంటే మంచిదని ఎవరో చెబితే, నా కొడుకు దాన్ని తెచ్చి ఈశాన్యం మూల, తూర్పు కిటికీ పక్కన పెట్టాడు. అదృష్టం వచ్చిందో లేదో తెలియదు గానీ ఎండ మాత్రం దండిగా వచ్చింది. నీళ్ళు పచ్చగా చిక్కబడ్డాయి. ప్రతి ఆదివారం నీళ్ళన్నీ పారబోసి, అద్దాలు తోమి, కొత్త నీళ్ళు పోసేవాళ్ళం. వారం తిరక్కుండానే మళ్ళీ అదే పచ్చదనం. లోపల చేపలున్నాయన్న విశ్వాసంతో మేత వేసేవాళ్ళం.

“ఏంది వదినా ఇది, చేపల తొట్టా, కషాయమా?” అంది వియ్యపురాలు ఒకరోజు.

“అంత తెలిసినదానివి, నువ్వే బాగుచెయ్యి.”

“నాకేం తెలుసు? అయినా సూస్తా. ఈ పాచి పొయ్యేదాకా ఉంటా. అది పోతానే బస్సెక్కుతా.”

ఆ సాయంత్రం సంచి ఖాళీ అయింది. వంటింట్లో కోడలు నావైపు చూసింది. నేను పప్పులో ఉప్పు చూశాను.

ఆవిడకు నిజంగానే ఏమీ తెలియదు. వీధి చివరిదాకా వినబడేలా ఫోనులో వీడియోలు పెట్టుకుని నేర్చుకుంది. మొదట పాచిని తింటాయని నత్తల్ని తెప్పించింది. అవి తిన్నంత తిని, మిగతా సమయమంతా సంసారాలు చేశాయి. తరువాత అసలు దొంగ ఎండ అని కనిపెట్టింది. తొట్టెను జరపాలంటే నా కొడుకు జంకాడు.

“ఈశాన్యం ఈశాన్యంగానే ఉండాది నాయనా. నేను ఎండనే కదా వద్దంటాండా,” అని తన పాత నూలుచీర ఒకటి మడతలు పెట్టి కిటికీకి కట్టేసింది. తొట్టె మీది లైటు సాయంత్రం కాసేపే వెలిగేది. నీళ్ళన్నీ పారబోయడం మాన్పించింది. పావువంతు తీసి పావువంతు పోయడమే. “వారం వారం ఇల్లు మార్చినట్ల వాటిని హడలగొడితే ఎట్ల?” అనేది.

నేను తెలుగు పాఠాలు చెప్పి రిటైరైన మనిషిని. నోరూరుకోక, నీళ్ళలో పెరిగేదాన్ని నాచు అనాలి, పాచి అనకూడదని సవరించాను. ఆవిడ నావైపు జాలిగా చూసింది.

“పొద్దున్నే నోట్లో ఉండేది పాచి. పొద్దున్నే గిన్నెలు తోమేది పాచిపని. నిన్నటిది ఈ పొద్దుకు మిగిలితే పాచి, అంతే కదా వదినా? చేపలు తినంగా మిగిలిన మేతే ఈ పచ్చన.”

అంత మంచి నిర్వచనం నేను ఏ నిఘంటువులోనూ చూడలేదు. ఆ మాట ఆవిడకు చెప్పలేదు. చెబితే ఆ రోజంతా పట్టలేం. ఆనాటి నుంచి మేత చిటికెడే. ఆ సూత్రం మా ఇద్దరికీ వర్తించింది. రాత్రి మేము వాదులాడుకున్నది పొద్దున నేను మళ్ళీ ఎత్తితే, “పాచి మాట నాకొద్దు, కొత్తది ఏమన్నా ఉంటే తిట్టు,” అనేది.

కొండకు వచ్చే చుట్టాలందరికీ మా ఇల్లే సత్రం. చేపలకు మేత వేస్తే పుణ్యమని ఒకరు బొరుగులు చల్లేవారు, ఒకరు లడ్డూ చిదిపి బూంది రాల్చేవారు. ఆవిడ తొట్టెకు అడ్డంగా కుర్చీ వేసుకుని కాపలా కాసింది. “పుణ్యం మీకు, పాచి మాకు. ఇట్ల తెండి, ఆ లడ్డు నేను తింటా,” అని చెయ్యి చాపేది.

కొన్నాళ్ళకు ముందు అద్దం మంచినీళ్ళలా తేటపడింది. ఒక చేపకు తెల్లతోక ఉందని మాకు అప్పుడే తెలిసింది. వెనక అద్దాన్ని మాత్రం ఆవిడ గీకలేదు. “నత్తలకు కూడు గావాల కదా,” అంది. అది నిజమే. ఇంకో నిజం నాకు అర్థమైంది. నా నోటికి భయపడనివాళ్ళు మా వీధిలో తక్కువ. ఆ నోరు మూసుకున్నాను.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం ఆవిడను తీసుకుపోదామని ఆవిడ తమ్ముడు ఊరినుంచి వచ్చాడు.

“మోకాలు బాగైంది కదక్కా. ఇంగా కూతురింట్లోనే ఉంటే ఊర్లో నన్నేమనుకుంటారు?”

ఆవిడ తల వంచుకుంది. ఆ తల వంగడం నేను అదే మొదటిసారి చూడటం.

“యాడికి పొయ్యేది? ఇంగా పాచి పోల్యా,” అన్నాను నేను.

ఆయన తొట్టెను చూశాడు. తెల్లతోక చేప ఆయన్ను చూసింది.

“యాడుండాది పాచి?”

“ఎనకపక్క సూడప్పా.”

వంగి చూశాడు. లేచి అక్కను చూశాడు, నన్ను చూశాడు. తెలివైనవాడు. “అవును, బలే పట్టింది. ఇది ఇప్పట్లో పొయ్యేది కాదు,” అన్నాడు.

“ఊర్లో అదే చెప్పు. అడిగితే నా పేరు చెప్పు.”

ఆయన అన్నానికి కూర్చోగానే కరెంటు పోయింది. నీళ్ళలో గాలి కొట్టే పంపు ఆగిపోయింది. ఆ వేడికి చేపలు పైకి తేలి నోళ్ళు తెరిచాయి. ఆవిడ లేచి రెండు లోటాలు తెచ్చి, ఒకటి నా చేతిలో పెట్టింది. తొట్టెకు అటొకరు ఇటొకరు నిలబడి, నీళ్ళు ముంచి ఎత్తి పైనుంచి వదలసాగాం. తమ్ముడు భోంచేసి, ఒక్కడే బస్సుకు పోయాడు. కరెంటు రాలేదు. భుజాలు లాగుతున్నాయి, చీరలు తడిసిపోయాయి, ఎవరు ముందు ఆపుతారో చూద్దామని ఇద్దరం మొండికేశాం.

“మన ఇంటికి ఒక ఇన్వర్టరు పెట్టియ్యాల వదినా,” అంది ఆవిడ. అంతవరకు ఎప్పుడూ ‘మీ ఇల్లు’ అనే అనేది.

“పెట్టిద్దాంలే. ముందు ఎత్తి పొయ్యి,” అన్నాను.

ఆవిడ లోటా ఇంకా పైకెత్తింది. ధారగా పడే నీళ్ళ చుట్టూ బుడగలు లేచాయి. చేపలన్నీ ఆ బుడగల్లోకి వచ్చి చేరాయి.