ఔను తప్ప మరో మాట రాని లైబ్రరీ

నేను రాసిన ఉత్తుత్తి లైబ్రరీ ప్రాజెక్టును ముంచిందని పాత ఆఫీసు వాళ్ళు ఇప్పటికీ కథలుగా చెప్పుకుంటారు. మొన్న చందానగర్‌లో ఒక పెళ్ళి విందులోనూ అదే పాట, అదీ నా ముందే! ఎత్తుకున్నది అప్పటి మా మేనేజరు గారే. నేను రాసింది ఎవరినీ ముంచలేదు. దాంట్లోంచి వాళ్ళు తీసేసింది ముంచింది.

తొంభైల చివర మాట. మాదాపూర్‌లో ఇంకా బండలు పేలుస్తున్నారు. పేలినప్పుడల్లా మా మానిటర్లు వణికేవి. ఒక విదేశీ కొరియర్ కంపెనీకి ప్రోగ్రామ్ రాస్తున్నాం. పార్సిల్ మీది చిరునామా సరైనదో కాదో తేల్చే పని మాత్రం బయట కొన్న ఒక లైబ్రరీది, అంటే వేరేవాళ్ళు రాసి అమ్మే రెడీమేడ్ కోడ్‌ది. మా ప్రోగ్రామ్ అడిగితే అది ఔననో కాదనో చెబుతుంది. ఒక్కోసారి అసలు పలకదు. దాని లైసెన్సు ఒక్క మెషీన్‌కే ఉండటంతో టీమంతా ఆ మెషీన్ ముందు, నల్లా దగ్గర బిందెల్లా, వరుస కట్టేవాళ్ళం.

విసుగొచ్చి, దాని స్థానంలో నిలబడే చిన్న నకిలీ రాశాను. ఇక ఎవరి మెషీన్‌లో వాళ్ళు తమ కోడ్‌ను ముక్కముక్కగా పరీక్షించుకోవచ్చు. అసలుది చేసేవన్నీ నకిలీ కూడా చేసేది: ఔననేది, కాదనేది, పలక్కుండా కూర్చునేది. మొదటి రెండింటికీ మా కోడ్ నెగ్గింది. మూడోదాని దగ్గర బోర్లా పడింది. పడదా మరి? లైబ్రరీ పలక్కపోతే ఏం చేయాలో ఎవరైనా నిర్ణయిస్తే కదా! మీటింగులో అడిగితే మేనేజరు గారు “చూద్దామండీ” అనేవారు. ప్రతిసారీ అదే జవాబు.

కస్టమర్లు డెమోకు వచ్చే రోజు పొద్దున్నే మెషీన్‌కు బొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టారు. హారతి ఇస్తూ మేనేజరు గారు తెర వైపు చూశారు. ఎర్రటి అక్షరాల్లో ‘ఫెయిల్’.

“శుభమా అని పూజ చేసుకుంటుంటే ఈ అపశకునం ఏంటండీ? తీసేయండి.”

“కోడ్ బాగుచేస్తే అదే పోతుందండీ.”

“అబ్బబ్బ, మీతో వాదించలేం. ఈ ఒక్క రోజుకే కదండీ!”

నేను తీయనన్నాను. పక్క సీటు అమ్మాయి చేత నకిలీలోంచి కాదనడం, పలక్కపోవడం రెండూ తీయించారు. అప్పటినుంచి నకిలీ ఏమడిగినా ఔననే అంది. తెరంతా పచ్చబడింది. ఆ అమ్మాయి నా చెవిలో గొణిగింది: “మా ఇంటర్ పేపర్లు గూడ గిట్లనే దిద్దితే నేను డాక్టర్ అయితుంటి గదా అక్కా!”

కస్టమర్లు చప్పట్లు కొట్టారు. ఒక్క రోజుకన్నది అలాగే ఉండిపోయింది. ప్రోగ్రామ్ వాళ్ళ దేశం చేరింది. అక్కడ ఒకరోజు అసలు లైబ్రరీ పలకలేదు. మా ప్రోగ్రామ్ దాని జవాబు కోసం నోరు తెరుచుకుని కూర్చుంది, పార్సిళ్ళు ఎక్కడివక్కడే ఆగిపోయాయి. “మేడమ్ గారి నకిలీ మనల్ని మోసం చేసింది” అన్నారు మేనేజరు గారు, అందరి ముందూ. నన్ను ప్రాజెక్టు నుంచి తప్పించారు. ఆ పేరు ఇప్పటికీ పోలేదు.

మంచి మాటే పలకాలన్న పట్టింపు నాకూ ఉంది. మా ఇంట్లో బియ్యం అయిపోతే నిండుకున్నాయనే అంటాం. అని, సంచీ పట్టుకుని కొట్టుకు వెళ్తాం. వీళ్ళు ఆ మాట అనేసి ఖాళీ గిన్నె పొయ్యి మీద పెట్టారు.

పెళ్ళి విందులో పంక్తి అంతా నవ్వుతుంటే పాత ప్రశ్నే మళ్ళీ అడిగాను.

“ముందు ఆ బూరె తినండమ్మా, చల్లారిపోతుంది” అన్నారాయన.

తిన్నాను. బాగానే ఉంది. ఇప్పుడైనా చెప్పండి: ఆ లైబ్రరీ పలక్కపోతే మన ప్రోగ్రామ్ ఏం చేయాలండీ?