హారిక మాటలున్న ట్యాబ్

2023 జూలై. హిందూపురంలో నేను అంగడి పెట్టి అప్పటికి ఆరేళ్లు. బస్టాండు నుంచి నడిస్తే ఐదు నిమిషాలు, ఒక టైలరు దుకాణానికీ జిరాక్సు సెంటరుకూ మధ్య చిన్న గది. సెల్‌ఫోన్లు, ట్యాబులు బాగుచేయడం నా పని. బల్ల వెనక ఆడమనిషిని చూసి మొదట్లో వెనక్కి తిరిగిపోయినవాళ్లు చాలామందే ఉన్నారు. తర్వాత ఆడవాళ్లే నన్ను వెతుక్కుంటూ రావడం మొదలైంది. ఫోన్లో ఇంట్లోవాళ్ల ఫొటోలుంటాయి. ఎవరో మగమనిషికి పాస్‌వర్డు చెప్పి ఫోను వదిలిపోవాలంటే వాళ్లకు బెరుకు. రొద్దం నుంచి లక్ష్మీదేవి కూడా అట్లాగే ఎవరో చెప్తే వచ్చింది.

ఆమె శనక్కాయ చేలల్లో కూలికి పోయే మనిషి. వెంట తొమ్మిదేళ్ల కూతురు హారిక. ఆ పిల్ల నన్ను చూడలేదు, అంగడిని చూడలేదు. తల్లి చేతిలో ఉన్న ట్యాబ్ మీదనే ఉన్నాయి కళ్లు.

ట్యాబ్ తీసుకుని చూశాను. అద్దం ఒక మూల నుంచి ఇంకో మూలకు పగిలిపోయింది. ఛార్జరు పెడితే వెలుతురు లేదు, చప్పుడు లేదు. పైగా పాత మోడలు.

"యాడ పడింది?" అన్నాను.

"పెనుకొండలో బస్సు దిగేటప్పుడు, అక్కా. నేను సంచులు పట్టుకోని ముందు దిగినా. తిరిగి చూస్తే ఇది సిమెంటు రోడ్డు మీద పడుండాది. గట్టిగా పట్టుకోమని ఎన్నితూర్లు చెప్పినా వినదు ఈ పిల్ల."

హారిక తల దించుకుంది.

నేను రోజూ చెప్పే మాటే చెప్పాను. "దీనికి రిపేరు దండగమ్మా. ఆ ఖర్చుకు ఇంకొంచెం వేసుకుంటే కొత్తదే వస్తుంది."

"కొత్తదాంట్లో నా బిడ్డ మాటలు ఉండవు కదక్కా," అంది లక్ష్మీదేవి.

నాకు అర్థం కాలేదు. అప్పుడు కూర్చోబెట్టి అడిగితే చెప్పింది. హారికకు పుట్టినప్పటి నుంచి మాట రాదు. చెవులు బాగా వినిపిస్తాయి, అన్నీ తెలుస్తాయి. పెనుకొండలో మాటల టీచరు ఒకామె ట్యాబ్‌లో ఒక యాప్ వేసిచ్చింది. తెర నిండా బొమ్మలుంటాయి, బొమ్మ నొక్కితే మాట పలుకుతుంది. మొదట్లో అందులో ఉన్న గొంతు పుస్తకంలో మాదిరి మాట్లాడేదంట. "నాకు ఆకలిగా ఉన్నది" అని అది అంటే హారిక చెవులు మూసుకునేది. అప్పుడు లక్ష్మీదేవి చెల్లెలు నాగవేణి ముందుకొచ్చింది. ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఇంటి కోడలు ఆమె. పనిలో సందు దొరికినప్పుడల్లా ఒక్కో మాటా తన గొంతుతో రికార్డు చేసిచ్చింది. మూడేళ్లపాటు కూర్చిన మాటలవి. ఇంట్లో మాట్లాడుకునేటివి, బడిలో కావలసినవి, ఆటలో తగవు పడడానికి పనికొచ్చేవి కూడా.

"హాజరు పిలిస్తే ఈ మధ్యనే 'వచ్చినా టీచర్' అని నొక్కతాండె. ఇది పడినప్పటి నుంచి బడికి పోనంటాది. పంపిస్తే బల్ల కింద దూరి కూర్చుంటాది," అంది తల్లి.

"ఇంకో చోట కాపీ ఏమైనా ఉందా?"

"అంటే?"

లేదని అర్థమైంది. అంతకుముందు ఇంకో అంగడికి తీసుకుపోతే సాఫ్ట్‌వేర్ వేసి చూస్తామన్నారంట. అట్లా వేస్తే లోపలున్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది. ఆ సంగతి ముందే చెప్పారు కాబట్టి ఆమె తిరిగి తెచ్చేసుకుంది. ఆ మాటలు దక్కాలంటే ఒకటే దారి. ట్యాబ్ లోపలున్న అదే సర్క్యూట్ బోర్డు మళ్లీ ప్రాణం పోసుకోవాలి. లోపలి సమాచారానికి తాళం ఉంటుంది, ఆ బోర్డు ఆన్ అయితే తప్ప అది తెరుచుకోదు.

"మాటివ్వలేను, చూస్తాను," అన్నాను. హారిక ట్యాబ్‌ను నా బల్ల మీద వదిలి పోవడానికి ఒప్పుకోలేదు. తల్లి ఎత్తుకుని తీసుకుపోవలసి వచ్చింది.

మరుసటి రోజు పొద్దున వేరే పని ముట్టుకోకుండా దాన్నే విప్పాను. మల్టీమీటరు పెట్టి చూస్తే బ్యాటరీ నుంచి వచ్చే లైనులో షార్ట్ ఉంది. కరెంటు పోవలసిన చోటికి పోకుండా మధ్యలోనే అడ్డదారి పట్టి కారిపోతోందన్నమాట. ఎక్కడన్నదే ప్రశ్న. ఆ లైను మీద ఆవగింజంత కూడా లేని కెపాసిటర్లు డజను పైన ఉన్నాయి. కరెంటు ఎగుడుదిగుళ్లను సర్దే ముక్కలవి. గట్టిగా కింద పడితే వాటిలో ఏదైనా కంటికి కనపడనంత సన్నగా చీలుతుంది.

దీనికి మేము రోజిన్ వాడతాం. సోల్డరింగుకు వాడే బంక అది. కాల్చి దాని పొగ పట్టిస్తే బోర్డు మీద తెల్లటి పొర పరుచుకుంటుంది. తర్వాత బయటి నుంచి కొద్దిగా కరెంటు ఇస్తే చెడిన ముక్క వేడెక్కి, దాని మీది తెలుపు కరుగుతుంది. చెప్పడానికి సులభమే. కరెంటు కాస్త ఎక్కువైతే పక్కనున్న మెమరీ చిప్పు కాలిపోవచ్చు. మామూలు ఫోనైతే ఇంత ఆలోచించను. ఆ రోజు కరెంటు పెంచే నాబు తిప్పే వేళ్లు చెమట పట్టి జారుతుంటే రెండుసార్లు లేచి చేతులు కడుక్కుని వచ్చాను.

ఒక వోల్టు దగ్గర ఏమీ కాలేదు. ఇంకాస్త పెంచాను. ఛార్జింగు ఐసీ పక్కన ఒక తెల్ల చుక్క తడిసినట్టు నల్లబడింది. వెంటనే కరెంటు ఆపి, హీట్ గన్‌తో ఆ ముక్కను తీసేశాను. ఆ లైను మీద దాని తోటివి ఇంకా ఉన్నాయి కాబట్టి అది లేకపోయినా నడుస్తుంది. మీటరు పెడితే షార్ట్ పోయింది. బ్యాటరీ తగిలించి బటన్ నొక్కి పట్టుకున్నాను. తెర లేదు కాబట్టి కనిపించేదేమీ లేదు. కానీ అరచేతిలో 'జుమ్' అని ఒక్కసారి అదిరింది. నేను ఎవరూ లేని గదిలో గట్టిగా నవ్వేశాను.

కొత్త తెర బెంగుళూరు నుంచి బస్సు పార్సిల్‌లో రావడానికి నాలుగు రోజులు పట్టింది. అతికించి, లక్ష్మీదేవికి ఫోన్ చేశాను.

తల్లీకూతుళ్లు పొద్దున బస్సుకే దిగారు. ట్యాబ్ చేతికిస్తే హారిక ముందు దాన్ని వాసన చూసింది. తర్వాత ఆన్ చేసి బొమ్మల మీద వేలు పెట్టింది. మేమిద్దరం ఏమంటుందా అని చూస్తున్నాం.

"బస్సు," అంది నాగవేణి గొంతు. వెనక మగ్గం చప్పుడు కూడా వినిపించింది. "నన్ను తోసినారు."

మళ్లీ నొక్కింది. "బస్సు. నన్ను తోసినారు."

లక్ష్మీదేవి ముఖం మారిపోయింది. "ఎవురు తోసినారమ్మా?"

"మామ," అంది ట్యాబ్. ఊళ్లో మగవాళ్లందరికీ ఆ పిల్ల వాడే బొమ్మ అదే. వెనక దిగే మనిషి ఎవరో తోసేశాడు. తల్లి తిరిగి చూసేసరికి కింద పడిన ట్యాబ్, దాని పక్కన నిలబడిన కూతురు మాత్రమే కనిపించారు.

హారిక ఇంకో రెండు బొమ్మలు నొక్కింది. "అమ్మ. కొట్టినారు."

ఎనిమిది రోజులు ఆ పిల్ల ఆ మాట కడుపులో పెట్టుకుని తిరిగింది. తన తరఫున చెప్పవలసిన నోరే పగిలిపోయి నా బల్ల మీద పడి ఉంది. లక్ష్మీదేవి అక్కడే నేల మీద కూర్చుండిపోయి కూతురి చేతులు పట్టుకుంది.

"తప్పయిపోయింది తల్లీ. నేను నిన్ను అడగకనే కొడితి."

హారిక తల్లి ముఖాన్ని కాసేపు చూసింది. కన్నీళ్లు తన అరచేత్తో తుడిచింది. ఆ తర్వాత ఏమీ జరగనట్టు ఇంకో బొమ్మ నొక్కింది.

"ఆకలైతాంది."

ముగ్గురం నవ్వాం. పక్క హోటల్ నుంచి ఉగ్గాని, బజ్జీలు తెప్పించాను. వాళ్లు తింటుండగా ఆ మాటలన్నీ ఒక మెమరీ కార్డులోకి, తల్లి ఫోన్లోకి కాపీ చేశాను. ఆ మోడలుకు పిల్లల కవరు దొరకలేదు. కొత్త హవాయి చెప్పుల జత కొనుక్కొచ్చి, ఆ రబ్బరు కోసి నాలుగు మూలలకూ దట్టంగా అతికించాను. మెడలో వేసుకునే పట్టీ తాను పంపిస్తానని నాగవేణి ఫోన్లో చెప్పింది. మిగిలిన పట్టుదారాలు పేని అల్లిన తాడు వారం తిరక్కుండానే నా అంగడికి వచ్చింది. లాగి చూశాను, తెగేది కాదు.

అప్పటి నుంచి చచ్చిపోయిన ఫోను ఎవరు తెచ్చినా దాని వెల గురించి మాట్లాడే ముందు "ఇందులో ఏముంది?" అని అడుగుతున్నాను. కాపీ లేదంటే, బాగుచేశాక నా ఎదుటే చేయించి పంపిస్తున్నాను. "ఎవరు పడేశారు" అన్న తగవు నా బల్ల దగ్గర మొదలైతే మాత్రం ముందు ఆ ఇంట్లో చిన్నవాళ్లను మాట్లాడమంటాను. వాళ్లు చెప్పేదాకా ఆగే ఓపిక నాకు హారిక నేర్పింది.

పోయిన ఏడాది దసరా ముందు లక్ష్మీదేవి టెంపర్డ్ గ్లాసు మార్పించుకోవడానికి వచ్చింది. బడి సంగతి అడిగాను.

"టీచరు నన్ను పిలిపించినాది, అక్కా," అంది, నవ్వు ఆపుకోలేక. "మీ పాప క్లాసులో మాటలు ఎక్కువ చెప్తాంది, కాస్త తగ్గించమని చెప్పండి అనె."