‘చచ్చింది’ అని రాసిన ఫ్రీజర్

పెన్నా నీళ్ళు తాగి పెరిగినవాణ్ణి, గుండె మీద చెయ్యేసి చెబుతున్నాను: ఇందులో ప్రతి ముక్కా నిజం. దయ్యాలను నేనెన్నడూ నమ్మలేదు. మా తోటపల్లి గూడూరు చుట్టుపక్కల తిరిగే దయ్యాల్లో సగం నేను పుట్టించినవే, ఇంకెలా నమ్ముతాను?

మా అక్క రమణమ్మకు గొర్రెల మందే బతుకు. మొన్న వానల తర్వాత రోజుకు రెండు మూడు గొర్రెలు ముక్కు కారి, పేడ నీళ్ళలా పారుకుని పడిపోసాగాయి. పశువుల డాక్టరు గారు తల పట్టుకున్నారు.

"ఇట్టా కనపడే రోగాలు రెండు మూడుండాయి. పేరు తేలకుండా ఏ టీకా వెయ్యమంటావు?"

చచ్చిన గొర్రె నుంచి ముక్కలు కోసి, సీసాల్లో పెట్టి, కేంద్రం వాళ్ళ పశురోగాల ల్యాబుకు తీసుకెళ్ళమన్నారు. మా దగ్గరున్నది రొయ్యలు పంపే థర్మోకోల్ పెట్టె ఒక్కటే. దాన్నిండా ఐసు నింపి రైలెక్కాను.

అక్కడి అటెండరు మన కావలి ఊరివాడే. పెట్టె వాసన చూశాడు.

"రొయ్యలు మేడం గారికేనా, మాకేమన్నా ఉండాయా అన్నా?"

పెచ్చులూడిన గోడలు, పగిలిన కిటికీలకు అట్టముక్కలు. ముక్కలు రేపు చూస్తామన్నారు ల్యాబు నడిపే మేడం గారు. సీసాలు ఫ్రీజర్‌లో పెట్టమని అటెండరు వరండా చూపించి భోజనానికి పోయాడు. అక్కడ రెండు ఫ్రీజర్లున్నాయి. ఒకదాని మీద సుద్దముక్కతో ‘చచ్చింది’ అని రాసి ఉంది. మావీ చచ్చిన గొర్రెవే కదా అని అందులోనే పెట్టాను.

మర్నాడు పొద్దున అటెండరు నెత్తి కొట్టుకున్నాడు.

"చచ్చింది ఆ ఫ్రీజరన్నా, గొర్రె కాదు! మోటారు పోయి ఏడాదైంది. కొత్తది కావాలని రాస్తానే ఉండాం, పైనించి పలుకే లేదు."

ఇద్దరం వరండాలోకి పరిగెత్తాం. తలుపు తీశాడు. లోపల గోడల నిండా తెల్లటి మంచు. సీసాలు రాళ్ళలా గడ్డకట్టి ఉన్నాయి. కోసేసిన కరెంటు వైరు చుట్ట చుట్టి మేకుకు వేలాడుతోంది. నేను చేత్తో పట్టుకుని చూశాను. వెనకే వచ్చిన మేడం గారు వేలితో మంచు గీకి చూసి తలుపు మూసేశారు.

మూడో రోజు ఆమె ఫోను చేసి రోగం పేరు చెప్పారు. డాక్టరు గారు టీకా వేశారు. మిగిలిన గొర్రెలు నిలబడ్డాయి.

ముందే ఒట్టేశాను గనుక చెప్పక తప్పదు. ఆ ఫోను, ఆ టీకా నా కల్పన. పరీక్ష చేసే యంత్రమూ ముసలిదే, ఆ వారమే ఆగిపోయింది. బాగుచేసేవాళ్ళు రావాలన్నారు. వాళ్ళు వచ్చేలోగా మంద ఖాళీ అయింది.

మంచు సంగతి మాత్రం నిజం. ఎలా పట్టిందో నాకు ఇప్పటికీ తెలియదు. సీసాలు చెడకుండా అందులోనే ఉన్నాయట.

"ఏం రోగమంట్రా, పేరన్నా చెప్పినారా?" అని అక్క అడుగుతూనే ఉంది. ఎన్ని కథలైనా అల్లగలను. ఆమెకు ఒక్క రోగం పేరు కల్పించి చెప్పడానికి మాత్రం నోరు రావడం లేదు.